డబ్బూ కావాలి, మాటా కావాలి

ఆదివాసీ తల్లి చేతికి డబ్బిస్తే మొగుడు తాగేస్తాడట. కూర్మన్నపాలెం టీ కొట్టు దగ్గరా విన్నాం ఈ మాట, ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లోనూ విన్నాం. వాళ్లకు కావలసింది డబ్బు కాదు, అవగాహన అని ఒకరు తేల్చేస్తారు. ఖాతాలో వేసేశాం, ఇక తల్లి చూసుకుంటుందని ఇంకొకరు చేతులు దులుపుకుంటారు. పెద్ద జీతాల ఇళ్లలో తాగేవాళ్లు లేరా? ముందు అవగాహన తెచ్చుకోండి, అప్పుడే జీతం అని వాళ్లకెవరైనా చెప్పారా?

డబ్బు లెక్కే ముందు చూద్దాం. గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2013 ఆహార భద్రతా చట్టం చెప్పింది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన దాన్ని మొదటి కాన్పుకు 5,000 చేసింది. తరవాత, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6,000 అన్నారు. మగపిల్లాణ్ణి కన్న తల్లికి ఆకలి వేయదు కాబోలు! కడుపున పడ్డనాటి నుంచి రెండేళ్లు నిండేదాకా 1,000 రోజులు. పంచి చూడండి, రోజుకు 5 రూపాయలు. ఆ డబ్బుకు కోడిగుడ్డు కూడా రాదు.

పాడేరు, అరకు వైపు నుంచి కట్టుబడి పనులకు దిగివచ్చిన మావాళ్లు ఇక్కడ రేకుల షెడ్లలో ఉంటారు. కొండ మీద పెరట్లో చిక్కుడు ఉండేది, అటక మీద చోళ్లు ఉండేవి. ఇక్కడ ప్రతి గింజా కొనాలి. 2020లో రాష్ట్రం 77 గిరిజన మండలాలకు సంపూర్ణ పోషణ ప్లస్ అని అదనపు ఆహారం పెట్టింది. కొండ దిగిన తల్లికి ఆ ప్లస్ లేదు.

ఇక మాట సంగతి. బంగ్లాదేశ్‌లో 2012 నుంచి 2014 దాకా పేద తల్లులకు నెలకు 1,500 టాకాలు ఇచ్చి చూశారు. ఉత్తర జిల్లాల్లో డబ్బు ఒక్కటే అందిన ఇళ్లలో పిల్లల ఎదుగుదల పెద్దగా మారలేదు. డబ్బుతోపాటు వారం వారం పోషణ సమావేశం జరిగిన చోట ఎత్తు పెరగని పిల్లల శాతం 7కు పైగా పాయింట్లు తగ్గింది. చెప్పినవాళ్లు ఆ ఊరి ఆడవాళ్లే. అత్తలనూ మొగుళ్లనూ కూడా కలుపుకున్నారు.

మనకు మాట అంటే గోడ మీద యాపిల్ బొమ్మ. ఆరు నెలలు నిండాక పల్చటి అంబలి చాలదు, చోడిజావ చిక్కగా కాచాలి, పప్పో గుడ్డో మెదిపి కలపాలి, రోజుకు రెండు మూడుసార్లు పెట్టాలి, బిస్కెట్ పొట్లం అన్నం కాదు. ఇదంతా కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. అంగన్‌వాడీ అక్క చెప్పగలదు. కానీ ఆమె చేతిలో పోషణ్ ట్రాకర్ ఫోను పెట్టారు. వేతనం పెంచమని 2023 డిసెంబరు నుంచి 42 రోజులు ఆమె సమ్మెలో కూర్చోవలసి వచ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. మేం బడిపంతుళ్లం. ఆ పిల్లలు ఒకటో తరగతిలో మా ముందు కూర్చునేసరికి ఆ 1,000 రోజులు అయిపోయి ఉంటాయి.

ప్రతి కాన్పుకూ, నెల నెలా డబ్బు ఇవ్వండి. కొండ మీది చిరునామా అడ్డం పెట్టకుండా ఇక్కడే పేరు రాయండి. మా భాష వచ్చిన ఆడమనిషిని జీతమిచ్చి పెట్టండి. సమావేశం ఆదివారం పెట్టండి. వారం మధ్యలో పెడితే ఆ పూట కూలి కట్టివ్వండి.