కడుపుపై మర్దన: ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు?

మన చిత్తూరు జిల్లా పల్లెల్లో పెరిగినవారికి ఈ దృశ్యం సుపరిచితమే. మంత్రసాని గోరువెచ్చని ఆముదంతో బాలింత పొత్తికడుపును మర్దించి, వేడినీళ్లు పోసి, నడికట్టు బిగించేది. మధ్య అమెరికాలోని మాయా ప్రజల్లోనూ ఇటువంటి ఆచారమే ఉన్నది. బెలీజ్ దేశపు సంప్రదాయ వైద్యుడు ఎలిహియో పాంతి వద్ద శిష్యరికం చేసిన అమెరికా మహిళ రోసిటా అర్విగో దానికి ఒక పద్ధతిని ఏర్పరచి ఇతర దేశాలకు పరిచయం చేశారు. స్థానం తప్పిన గర్భసంచిని మర్దనతో సరిచేయవచ్చుననేది అందులోని ప్రధాన విశ్వాసం.

మర్దనను నేను తీసిపారవేయను. పొత్తికడుపు కుడివైపు నుండి పైకి, అడ్డంగా, ఎడమవైపు క్రిందికి, అనగా పెద్దపేగు సాగే దారిలో మృదువుగా రుద్దితే మలబద్ధకం కొందరికి ఉపశమిస్తుంది. కాన్పు తర్వాత గర్భసంచి బిగుసుకోక రక్తం పోతున్నప్పుడు, మందులతోపాటు మేము కూడా చేత్తో రుద్ది దానిని గట్టిపరుస్తాము.

అయితే గర్భసంచి జారడం వేరు. దానిని నిలిపి ఉంచే కటి కండరాలు, బంధకాలు సడలినందువల్ల అది జారుతుంది. పైనుండి ఎంత రుద్దినా అవి బిగుసుకోవు. కటి కండరాల వ్యాయామం, లోపల అమర్చే పెస్సరీ, అవసరమైతే శస్త్రచికిత్స, ఇవే దానికి మార్గాలు.

ఉద్యోగకాలంలో చూసిన ఒక బాలుణ్ణి నేను మరువలేను. కడుపునొప్పి అంటే, బొడ్డు పక్కకు జరిగిందని అవ్వ రెండు రోజులు నూనె రాసి తోమింది. అపెండిక్స్ వాపులో నొప్పి తరచుగా బొడ్డు చుట్టూనే మొదలై, తర్వాత కుడివైపు క్రిందికి దిగుతుంది. పొరపాటు అక్కడే జరుగుతుంది. మేము కడుపు తెరిచేసరికి చీము నిండి ఉన్నది. బాలుడు బ్రతికాడు. “సారూ, నా చేతులతోనే వాడికి కీడు చేసినానా?” అని ఆ అవ్వ అడిగింది. “జబ్బు నీ చేతులతో రాలేదమ్మా, ఆలస్యమే కీడు చేసింది” అన్నాను.

ఆ ఆలస్యంలో మా వైద్యుల వాటా కూడా ఉన్నది. ఓపీలో రోగి కడుపుపై చేయి అయినా వేయకుండా చీటీ రాసి పంపితే, ఆప్యాయంగా తాకే చేతులను వెతుక్కుంటూ ఆ రోగి మరెక్కడికో వెళ్లడంలో ఆశ్చర్యమేమున్నది?

కనుక పాఠకులకు నా మనవి. జ్వరం, వాంతులు, రక్తస్రావం, గడ్డ, రాయివలె బిగిసిన కడుపు, తగ్గని నొప్పి, వీటిలో ఏది ఉన్నా మర్దన చేయరాదు. నెల తప్పిన స్త్రీకి, గర్భిణికి, కడుపుపై శస్త్రచికిత్స జరిగి పుండు మానని వారికి కూడా కూడదు. కాన్పు నొప్పుల్లో బిడ్డ త్వరగా రావాలని పైనుండి కడుపు నొక్కడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే వద్దన్నది.

ముందు పరీక్ష, రోగ నిర్ధారణ. ఆ తర్వాత వైద్యుడు సరే అంటే అవ్వ చేతి ఆముదం. ఈ వరుస తప్పకుంటే చాలు.