ఆ ఫొటో వద్దు తమ్మీ

పోస్టర్ చేసి పంపింది నేనే. ఫోన్‌లో పది నిమిషాల పని. పాప ఫొటో పెద్దగా, కింద క్యూఆర్ కోడ్, పైన ఎర్ర అక్షరాల్లో ‘సాయం చేయండి’. ఫొటో దవాఖానలో తీసింది. జుట్టంతా రాలిపోయి ఉంది. మూతికి మాస్కు, చేతికి సెలైన్ సూది. చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. నిజం చెప్పాలంటే, అందుకే దాన్ని ఎంచుకున్నా.

రెండు నిమిషాల్లో అన్న ఫోన్ చేశాడు.

“ఆ ఫొటో వద్దు తమ్మీ. అది బీమారి ఫొటో. నా బిడ్డది గాదు.”

అన్న అంటే సొంత అన్న కాదు. బోధన్‌లో చెరుకు రసం బండి నడుపుతాడు. మాదీ వాళ్లదీ శక్కర్‌నగర్. మా ఇద్దరి నాన్నలూ నిజాం షుగర్ ఫ్యాక్టరీలోనే పనిచేశారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతబడింది. అన్నకు మాత్రం చెరుకుతో బంధం తెగలేదు.

పాపకు ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఎనిమిదో పుట్టినరోజు చూడకుండానే పోయింది. పుట్టినరోజు ఏప్రిల్‌లో. ఏటా ఆ రోజు బండి మీద వచ్చే ప్రతి రూపాయీ క్యాన్సర్ పిల్లల కోసం పక్కన పెడతాడు అన్న. ఇది మూడో ఏడు. ఈసారి ఊళ్లో వాళ్లకు ముందే తెలియాలని నన్ను పోస్టర్ చేయమన్నాడు.

“పైసలు మందులకేనా అన్నా?” అని అడిగా, కింద ఏం రాయాలో తెలియక.

“మందులు సర్కారు దవాఖానల ఫ్రీనే ఉండె తమ్మీ. మేం మందు కాడ ఆగలె. తొవ్వ కాడ ఆగినం.”

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. బోధన్ నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. అప్పటికి ఆడవాళ్లకు ఫ్రీ బస్సు రాలేదు. ముగ్గురికి రానూపోనూ చార్జీలు, తిండి, రాత్రి ఉండాల్సొస్తే లాడ్జి. ఆ రెండు రోజులూ బండి బంద్. ఇలా నెలకు ఎన్నిసార్లు? మొదటి నెల చికిత్స అయ్యాక పాపకు జ్వరం తగ్గింది. లేచి ఆడుకుంది. మళ్లీ రావాలని డాక్టర్ తేదీ రాసిచ్చాడు.

“మంచిగైంది గదా, వచ్చే నెల పోదాం అనుకున్నం. ఆ నెల పోలె. ఇంకో నెల పోలె.”

జబ్బు తిరగబెట్టింది. అంతకుమించి అన్న చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈ విషయం మనలో చాలామందికి తెలియదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కి మొదటి నెల చికిత్స పూర్తయ్యేసరికి చాలామందిలో పరీక్షల్లో జబ్బు కణాలు కనిపించవు. పిల్లాడు మామూలుగా తిరుగుతాడు. కానీ కొన్ని కణాలు లోపల దాక్కునే ఉంటాయి. వాటిని పూర్తిగా వదిలించడానికే చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారని, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ తేడాకు ఉన్న కారణాల్లో చికిత్స మధ్యలో ఆపేయడం ఒకటి.

పాప వేసుకున్న మందుల చీటీ అన్న ఇంకా దాచుకున్నాడు. అందులో వారానికోసారి వేసే ఒక పసుపు మాత్ర ఉంది. పేరు చూసి నెట్‌లో వెతికా. మెథోట్రెక్సేట్. దాని వెనకున్న మనిషి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు! అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ఈ మందునూ, దీనికి అక్కలాంటి అమినాప్టెరిన్‌నూ తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను బ్లడ్ క్యాన్సర్ పిల్లలకిచ్చి చూశాడు. 1948లో ఆయన ప్రచురించిన వ్యాసంలో 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గినట్టు ఉంది. కానీ ఆ తగ్గడం కొన్నాళ్లే. మళ్లీ తిరగబెట్టింది. ఒక్క మందుతో, కొద్ది నెలలతో కాదు, చాలా మందులు కలిపి ఏళ్లపాటు ఇవ్వాలని డాక్టర్లు తర్వాత నేర్చుకున్నారు. సుబ్బారావు గారు ఆ రోజులు చూడలేదు. 1948లోనే పోయారు.

మందు కనిపెట్టినవాడు మనవాడే. ఆ మాత్ర మన పిల్లలకు చివరి వారం దాకా అందాలంటే మాత్రం బస్సు టికెట్ కావాలి, పడుకోను చోటు కావాలి, కడుపునిండా తిండి కావాలి.

అన్న బండి చూస్తే నాకు ఇంకో బండి గుర్తొస్తుంది. అమెరికాలో అలెక్స్ స్కాట్ అనే పాప 2000లో, నాలుగేళ్ల వయసులో, ఇంటి ముందు నిమ్మరసం అమ్మింది. తనకూ క్యాన్సరే. వచ్చిన డబ్బు తనలాంటి పిల్లలకు సాయం చేయడానికి డాక్టర్లకిస్తానంది. 2004లో ఎనిమిదేళ్లకు చనిపోయే నాటికి పది లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. అమ్మానాన్న ఆ పనిని ఆపకుండా ఇప్పటికీ నడుపుతున్నారు. అన్నకు ఈ సంగతి చెబితే, “అక్కడ నిమ్మకాయ, ఇక్కడ చెరుకు. అంతే గదా” అన్నాడు.

మీ ఫోన్‌కీ ఇలాంటి పోస్టర్లు వస్తూనే ఉంటాయి. నాలాగే మీరూ చూడకుండా ఫార్వర్డ్ కొట్టేస్తుంటారు. ఒక్క నిమిషం ఆగండి. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, పాతది తిప్పుతున్నారేమో తెలుస్తుంది. ఖాతా ఆసుపత్రి పేరు మీదో సంస్థ పేరు మీదో ఉందా? రసీదు ఇస్తారా? ఖర్చు లెక్క చెబుతారా? చూసుకోండి. క్యాన్సర్ పిల్లలకు, తల్లిదండ్రులకు ఉచితంగా బస ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్, పిల్లల తిండి చూసుకునే కడుల్స్ ఫౌండేషన్ లాంటి సంస్థలు పనిచేస్తున్నాయి. ఒక్కసారి వెయ్యి ఇచ్చి మరిచిపోయేకంటే నెలకు వంద ఇచ్చినా మేలే. చికిత్స ఏళ్లపాటు సాగుతుంది కదా!

డబ్బు లేదా? పద్దెనిమిది నిండి ఆరోగ్యంగా ఉంటే రక్తం ఇవ్వొచ్చు. కీమో సమయంలో పిల్లలకు ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి. ఇచ్చిన ప్లేట్‌లెట్లు నిల్వ ఉండేది ఐదు రోజులే. అందుకే దాతలు ఎప్పుడూ కావాలి.

పోస్టర్ మార్చాను. ఈసారి ఫొటో అన్నే ఇచ్చాడు. తనకంటే పొడుగున్న చెరుకు గడను రెండు చేతులతో పట్టుకుని, ముందు పన్ను ఊడిన నోటితో నవ్వుతోంది పాప. కింద ‘క్యాన్సర్ పిల్లల దారి ఖర్చులకు’ అని రాశా.

ఆ రోజు మధ్యాహ్నం నేను బండి దగ్గరే ఉన్నా. వర్ని వైపు నుంచి ఒకామె వచ్చింది. రసం తాగలేదు. ఫోన్‌లో పోస్టర్ చూపించి, “ఇది మీదేనా అన్నా? మా చెల్లె కొడుక్కి ఇదే బీమారి. ఇప్పుడు మంచిగైండు. రెండు నెలల సంది పోతలేరు” అంది.

అన్న బండిని పనిపిల్లాడికి అప్పజెప్పి ఆమెను పక్కన కూర్చోబెట్టాడు. అరగంట మాట్లాడాడు. ఆమె ఫోన్ నుంచే చెల్లెలితో కూడా మాట్లాడాడు. నేను గ్లాసులు కడిగా.

రాత్రి లెక్కపెడితే 7,460 రూపాయలు. ఆ పిల్లాడు అమ్మానాన్నలతో మొన్న మంగళవారం హైదరాబాద్ బస్సెక్కాడు. తల్లికి టికెట్ ఫ్రీ. తండ్రికీ పిల్లాడికీ టికెట్లు, రెండు రోజుల తిండి ఆ డబ్బులోంచే ఇచ్చాడు అన్న. మిగిలింది సంస్థ ఖాతాలో వేసి, రసీదు, లెక్క రెండూ నాకు పంపాడు.

పోస్టర్ పెట్టిన గ్రూపులన్నిటిలో వాటినీ పెట్టా.