ఒక అచ్చక్షరం, ఒక అధికరణం

పార్లమెంటులో విద్యపై చర్చ జరిగినప్పుడల్లా సభ్యుల ప్రసంగాలు విశ్వవిద్యాలయాల చుట్టూ, ఐ.ఐ.టి.ల చుట్టూ, ప్రవేశపరీక్షల చుట్టూ తిరుగుతుంటాయి. ప్రశ్నపత్రం బయటికి పొక్కితే సభ స్తంభిస్తుంది. ఉపకులపతి నియామకంపై గవర్నరుకూ ముఖ్యమంత్రికీ తగవు వస్తే ఆ వేడి రాజధాని దాకా ప్రాకుతుంది. మూడున్నర ఏండ్ల పసివానికి ‘ఇ’ అనే అక్షరాన్ని ఎట్లా నేర్పాలి, ఎవరు నేర్పాలి, నేర్పినవారికి ఎంత ముట్టజెప్పాలి అన్న ప్రశ్నపై సభ అట్టుడికిన సందర్భం ఈ విలేఖరి ఎరుకలో లేదు. ఇందుకు సభ్యులను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. ప్రెస్ గ్యాలరీలో కూర్చునే మా బోంట్లకు సైతం అది వార్తగా తోచదు.

ఇంతకూ ‘ఇ’ నేర్పడంలో ఉన్నదేమిటి? పలకమీద వ్రాసి, పదిమార్లు దిద్దించి, ‘ఇ - ఇల్లు’ అని వల్లె వేయిస్తే చాలదా? చాలదు. ఇందులో చెవి పని ఒకటి, కంటి పని ఒకటి, చేతి పని ఒకటి ఉన్నవి. మూడూ వేర్వేరు పనులు. మనం మూడింటినీ ఒకే పూట, ఒకే బెత్తంతో సాధించాలని చూస్తాము.

ముందు చెవి సంగతి. ‘ప’ అంటే పెదవులు కలుసుకుంటాయి, పిల్లవానికి తెలుస్తుంది. అచ్చుకు అటువంటి ఆనవాలు లేదు. నోటిలో ఎక్కడా తగలకుండా సాగిపోయే ధ్వని అది. ఇల్లు, ఇసుక, ఇడ్లీ, ఇటుక అన్న మాటలు మొదట ఒకే విధంగా మొదలవుతున్నాయని వినిపించాలి. నడుమ ‘ఉడుత’ అన్న మాటను దొర్లించి, తేడా వచ్చినచోట చప్పట్లు కొట్టమనాలి. ఈ ఆట కొన్ని వారాలు సాగిన తరువాత గాని అక్షరం ముఖం చూపించే అవసరం రాదు. మన బడులలో జరిగేది సరిగా దీనికి తలక్రిందులు. ముందు వ్రాత, తరువాత వల్లె, వినికిడి ఎన్నటికీ లేదు.

కంటి పని మరింత చిక్కు. భారతదేశపు లిపులలో అచ్చుకు రెండు ముఖాలు. మాట మొదట నిలిచినప్పుడు ఒక రూపం, హల్లుతో కలిసినప్పుడు వేరొక రూపం. ‘ఇల్లు’లోని ‘ఇ’ని గుర్తుపట్టిన పిల్లవాడు ‘కిటికీ’లో అదే ధ్వని రెండుసార్లు ఉన్నదని ఎట్లా గ్రహిస్తాడు? అక్కడ కనిపించేది నెత్తిమీది గుడి. ఆ గుడికీ ఈ ఇకారానికీ రూపంలో చుట్టరికం ఏమీ లేదు. హిందీ నేర్చే పిల్లవాని అవస్థ ఇంకొక రకం. హ్రస్వ ఇకారపు మాత్రను నాగరిలో హల్లుకు ఎడమవైపున వ్రాస్తారు. నోరు ముందు ‘క’ పలికి తరువాత ‘ఇ’ పలుకుతుంది. చేయి మాత్రం ముందు ‘ఇ’ వ్రాసి తరువాత ‘క’ వ్రాయాలి. నోటికీ చేతికీ మధ్య ఇంతటి విరోధాన్ని నాలుగేండ్ల వయస్సులో భరించడం సామాన్యమా! సరిహద్దుకు ఆవల లాహోరులో ఉర్దూ నేర్చే బిడ్డకు హ్రస్వమైన అచ్చు కేవలం అక్షరం పైనా క్రిందా పెట్టే చిన్న గీత. వాచకంలో ఆ గీత కనిపిస్తుంది. తండ్రి చదివే దినపత్రికలో అది మాయమవుతుంది.

కన్నడ పిల్లల పఠనాన్ని పరిశీలించిన పరిశోధకురాలు సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన వ్యాసం ఒక సత్యాన్ని వెల్లడించింది. గుణింతాలతో, ఒత్తులతో వందలకొలదిగా విస్తరించే అక్షరాల నేర్పు మొదటి ఒకటి రెండు తరగతులతో ముగియదు. నాలుగవ తరగతి దాకా సాగుతుంది. ఇరవై ఆరు అక్షరాల ఆంగ్లానికి వేసిన కాలపట్టికను మన భాషలకు తగిలించడం ఎంత అవివేకమో దీనినిబట్టి ఊహించవచ్చును.

ఈ చిక్కును పెద్దలు గమనించలేదని కాదు. స్వాతంత్ర్యానికి ముందే సావర్కార్, కాకా కాలేల్కర్ వంటివారు నాగరిలో ఇ, ఈ, ఉ, ఊలకు వేరు రూపాలెందుకు, ‘అ’ అక్షరానికే గుడి, కొమ్ము తగిలిస్తే చాలునని వాదించారు. రాజకీయాలలో ఉత్తర దక్షిణ ధ్రువాలుగా ఉన్న వీరిరువురూ ఒక అచ్చు దగ్గర ఏకీభవించడం విశేషమే. వార్ధాలోని రాష్ట్రభాషా ప్రచార సమితి ఆ పద్ధతిలో పుస్తకాలు కూడ అచ్చువేసింది. 1953లో లక్నోలో డాక్టర్ రాధాకృష్ణన్ అధ్యక్షతన జరిగిన లిపి సంస్కరణ సదస్సు హ్రస్వ ఇకారపు మాత్రను ఎడమనుండి కుడికి మార్చాలని నిర్ణయించింది. లోకం ఒప్పుకొనలేదు; కొద్ది ఏండ్లకే పాత పద్ధతి తిరిగివచ్చింది. ఈ సంస్కరణలన్నింటికీ ప్రధాన ప్రేరణ టైపు యంత్రం, అచ్చు యంత్రం. పసివాని వేలికంటె టైపు మీటకు హెచ్చు గౌరవం దక్కినదన్నమాట. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు మాత్రం 1855లో ‘వర్ణపరిచయం’ కూర్చినప్పుడు పిల్లవానినే దృష్టిలో పెట్టుకున్నాడు. వాడుకలో లేని దీర్ఘ ౠకార, ౡకారాలను అచ్చుల పట్టికనుండి నిర్మొహమాటంగా తొలగించాడు. సంస్కృత పండితుడై ఉండి చేసిన పని అది.

ఇక దేశం నలుమూలలా పుట్టగొడుగులవలె లేచిన నర్సరీల మాట. అక్కడ మన బిడ్డ నేర్చే తొలి పాఠం ‘ఐ ఫర్ ఇంక్’. అక్షరం పేరు ‘ఐ’. బొమ్మ పేరు మొదలయ్యేది ‘ఇ’తో. తరువాతి పాఠం ‘ఈ ఫర్ ఎలిఫెంట్’. అక్షరం పేరు వేరు, పలుకు వేరు అని ఆ బిడ్డకు ఎవరు చెబుతారు? చెప్పవలసిన ఉపాధ్యాయినికే ఎవరూ చెప్పి ఉండరు. ఆంగ్ల సాహిత్యం చదువుకున్న ఈ విలేఖరికి ఆ భాషపై ద్వేషం లేదు. కాని ఇంటిలో ఆ భాష మాట ఒక్కటైనా వినని బిడ్డ నోట ఆ అచ్చులను కుక్కడం విద్య అనిపించుకోదు. 1993లో ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ పసిపిల్లలపై చదవడం, వ్రాయడం, లెక్కలు బలవంతాన రుద్దడాన్ని హింసగానే పరిగణించి, నర్సరీ ప్రవేశానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు కావాలన్నది. ఆ కమిటీకి పూర్వరంగంలో ఒక రాజ్యసభ ప్రసంగం ఉన్నది. నామినేటెడ్ సభ్యుడైన నవలా రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో పిల్లల వీపుమీది సంచీ బరువు గురించి చేసిన ప్రసంగమది. రాజకీయవాదులకు తట్టని విషయం కథకునికి తట్టింది.

మాతృభాషలో నేర్పితే చిక్కు తీరిపోతుందా? ఎవరి మాతృభాష అన్నది తేలాలి. ఆదిలాబాదు అడవులలోని గోండు బిడ్డకు ఇంటిని ‘రోన్’ అంటారు. వాచకంలో ఇంటి బొమ్మ చూపి ‘ఇ’ అనుమంటే వాడు తెల్లబోతాడు. హిందీ వాచకాలలో ఇకారానికి సర్వత్రా ఇమ్లీ, అనగా చింతకాయ. ఛత్తీస్‌గఢీ మాట్లాడే పల్లెలలో దానిని ‘అమ్లీ’ అంటారు. బొమ్మ చూచి బిడ్డ నోట వచ్చేది ‘అ’. బిడ్డ తప్పు చెప్పలేదు. పుస్తకమే తప్పు చెప్పింది. సంతాలీలకు 1925లో రఘునాథ్ ముర్ము ఓల్ చికి లిపిని కూర్చినప్పుడు అచ్చులను హల్లుల నెత్తిన ఎక్కించక, వాటి సరసన పూర్తి అక్షరాలుగా నిలిపాడు. అచ్చుకు ఎక్కడైనా ఒకే ముఖం. 2003లో 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదవ షెడ్యూలుకెక్కింది. గోండీ ఆ వాకిట్లో ఇంకా నిలిచే ఉన్నది.

చేతి పని విషయానికి వస్తే మనం సిగ్గుపడవలసిన చరిత్ర ఒకటి ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్ది చివర మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు వ్రాయడం చూచి ముచ్చటపడ్డాడు. 1797లో పుస్తకం ప్రకటించాడు. ఆ పద్ధతి ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండుకు పోయింది. అక్కడి పేదపిల్లలు ఇసుక పళ్లాలలో అక్షరాలు దిద్దారు. ఇక్కడ మనం ఆ ఇసుకను ఊడ్చివేసి, గట్టిపడని వ్రేళ్ల మధ్య పెన్సిలు ఇరికించి, నాలుగు గీతల నడుమ వ్రాయమంటున్నాము. 1939లో అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలో గడిపిన మరియా మాంటిసోరి పద్ధతిలో గరుకు కాగితపు అక్షరాలను వ్రేలితో తడుముతూ ధ్వనిని పలకడమే మొదటి మెట్టు. గరుకు కాగితం దొరకని పల్లెకు ఇసుక ఉన్నది, బియ్యప్పిండి ఉన్నది. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వ్రాయించే ఆచారం బాసర నుండి కేరళ వరకు నేటికీ ఉన్నది. ఆ ఒక్క రోజు పాటించిన తెలివిని మరునాటినుండి మరచిపోవడమే మన వింత.

మాంటిసోరి భావాలను సంపన్నుల మేడలనుండి పల్లెకు దింపినవారిలో తారాబాయి మోదక్, అనూతాయి వాఘ్ ముఖ్యులు. మహారాష్ట్రలోని బోర్డీలో 1945లో ఆరంభించి, తరువాత కోస్‌బాడ్‌లో వార్లీ గిరిజనుల నడుమ పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వారి ముంగిటికి తీసికొనిపోయారు. ‘అంగన్‌వాడీ’ అన్న మాట ఆ ముంగిళ్లలో పుట్టినదే. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని 33 బ్లాకులలో ప్రయోగాత్మకంగా ప్రారంభించినప్పుడు ప్రభుత్వం ఆ పేరునే తీసుకున్నది. పేరు తీసుకున్నంత తేలికగా పనిని తీసుకోలేదు. పథకంలోని ఆరు సేవలలో చదువు ఒకటి మాత్రమే. పోషకాహారం, టీకాలు, రిజిస్టర్లు, 2021 నుండి మొబైలులో నింపవలసిన పోషణ్ ట్రాకర్, వీటన్నిటి నడుమ చిక్కిన కొద్దిపాటి వ్యవధిలో ‘ఇ’ నేర్పాలి. దేశంలోని పదమూడు లక్షలకు పైబడిన కేంద్రాలలో ఆ పని చేస్తున్నది ‘గౌరవ’ కార్యకర్త. గౌరవ వేతనాన్ని కేంద్రం 2018లో నెలకు 3,000 నుండి 4,500 రూపాయలకు పెంచింది. రాష్ట్రాలు తమ శక్తికొలది కొంత కలుపుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో ఈ కార్యకర్తలు సమ్మెకు దిగారు. 42 రోజులు సాగింది. నడుమ 2024 జనవరిలో ప్రభుత్వం అంగన్‌వాడీ సేవలను అత్యవసర సేవలుగా ప్రకటించి ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకురాలు, సమ్మె చేసినప్పుడు అత్యవసర ఉద్యోగి! ఈ తర్కంలో ఏ ఒక్క పార్టీకీ గుత్తాధిపత్యం లేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఈ కార్యకర్తలకు గ్రాట్యుటీ హక్కు ఉన్నదని తీర్పు చెప్పవలసి వచ్చిందంటే, అంతకుముందు ప్రభుత్వాలన్నీ ఏ దారిన నడిచాయో వేరుగా చెప్పనక్కరలేదు.

2020 జాతీయ విద్యా విధానం మూడేండ్ల బిడ్డను విద్యావ్యవస్థ మొదటి మెట్టుపై నిలబెట్టింది. 2021లో నిపుణ్ భారత్, 2022లో పునాది దశకు పాఠ్యప్రణాళికా చట్రం, 2024లో అంగన్‌వాడీల కొరకు ‘ఆధారశిల’ వెలువడ్డాయి. వీటిలో చెప్పినదానితో ఈ విలేఖరికి పెద్దగా పేచీ లేదు. ఆటతో, మాటతో, బిడ్డ ఇంటిభాషతో మొదలుపెట్టమనే చెప్పాయి. పేచీ అంతా, చెప్పినదానిని చేయవలసిన బాధ్యత ఎవరిదన్న చోట ఉన్నది. ఏండ్లతరబడి ఒకే శాస్త్రిభవన్ కప్పు క్రింద పనిచేసిన రెండు మంత్రిత్వశాఖలలో పాఠం ఒకరిది, పాఠం చెప్పే మనిషి వేరొకరి మనిషి.

మూలం ఇంకా లోతున ఉన్నది. 1950 నాటి రాజ్యాంగంలోని 45వ అధికరణం పద్నాలుగేండ్లు నిండేవరకు బాలబాలికలందరికీ ఉచిత నిర్బంధ విద్య అన్నది. ఎన్నవ ఏటనుండి అన్న క్రింది హద్దు గీయలేదు. 1993లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కక్షిదారుగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీం కోర్టు పద్నాలుగేండ్ల వరకు విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు కూడ ఆ హద్దు లేదు. 2002లో 86వ సవరణ 21-ఎ అధికరణాన్ని చేర్చి, హక్కును ఆరునుండి పద్నాలుగేండ్ల వయస్సుకు కుదించింది. ఆరేండ్ల లోపువారిని తిరగవ్రాసిన 45వ అధికరణంలోని ఆదేశసూత్రానికి అప్పగించింది. హక్కు ఇచ్చినట్లే ఇచ్చి, అచ్చులు నేర్చే వయస్సును దానినుండి మినహాయించారు. సవరణ నాడు వాజపేయి ప్రభుత్వం; 2009లో విద్యాహక్కు చట్టం నాడు మన్మోహన్ సింగ్ ప్రభుత్వం. ఆ చట్టం 11వ సెక్షను మూడేండ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వపాఠశాల విద్య కొరకు ప్రభుత్వాలు ఏర్పాట్లు ‘చేయవచ్చును’ అంటుంది. చేయవలెను అనదు.

21-ఎ అధికరణాన్ని ముట్టుకోవాలంటే ఉభయ సభలలోనూ హాజరైనవారిలో మూడింట రెండువంతుల ఓట్లు కావాలి. 11వ సెక్షనులోని ఆ ఒక్క క్రియాపదాన్ని మార్చడానికి అంత అవసరం లేదు. సాధారణ మెజారిటీ చాలును.