పొడ తూర్పుకి గుర్తింపొచ్చింది, మరి మేత?

మన పశుజాతి ఒకటి చెప్పమంటే మా క్లాసులో ఎవరైనా ఒంగోలు గిత్త అంటారు. కాస్త ఎక్కువ రీల్స్ చూసేవాళ్లైతే పుంగనూరు అంటారు. పొడ తూర్పు అంటే మాత్రం నా మొహం చూస్తారు. మాది అచ్చంపేట దగ్గర ఊరు కాబట్టి నాకు తెలుసు గానీ, లేకపోతే నేనూ అంతే.

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు నల్లమల అడవుల్లో మేసి పెరిగే పశువులివి. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు మచ్చలుంటాయి, అవే పొడలు. పాలు పెద్దగా ఇవ్వవు. వీటి విలువంతా కోడెల్లోనే. ఎండలో, రాళ్ల చేలల్లో, తక్కువ మేతతో పనిచేస్తాయని రైతులు కొంటారు. 2020లో కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యు వనరుల బ్యూరో వీటిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. తెలంగాణ నుంచి అలా గుర్తింపు పొందిన మొదటి ఆవుల జాతి ఇదే.

సంతోషమే. కానీ నేను సీఎస్‌ఈ స్టూడెంట్‌ని. డేటాబేస్‌లో ఒక రో యాడ్ చేసినంత మాత్రాన బయట ఏం మారుతుందో నాకు తెలుసు. ఏమీ మారదు.

మందను నిలబెట్టేది కోడెల అమ్మకం. కొనేవాళ్లు తగ్గితే మందను అడవికి ఎవరు తోలుతారు, ఎందుకు తోలుతారు? పైగా ఆ అడవి ఇప్పుడు టైగర్ రిజర్వ్. పులులు వద్దని నేననను. కానీ తరాలుగా అక్కడ మేపుకున్నవాళ్లతో కూర్చొని, ఏ నెలలో ఏ దారిన తోలాలో మాట్లాడకుండా జాతి సంరక్షణ అంటే ఎట్లా? "సెమెన్ ఫ్రీజ్ చేసి పెట్టొచ్చుగా" అన్నాడు మా రూమ్మేట్. పెట్టాలి, కాదనను. అది బ్యాకప్. నడుస్తున్న సర్వర్‌ని ఆపేసి బ్యాకప్ ఉందిలే అనుకుంటామా? ట్రాక్టర్‌కి సబ్సిడీ ఇచ్చినట్టే కాడెద్దుల జతకీ ఇవ్వాలి, నేననేది అదే.

ఇదంతా అనే హక్కు నాకుందో లేదో. మా ఇంట్లో చివరి జతను అమ్మింది నా ల్యాప్‌టాప్ కోసమే. తాత ఏమీ అనలేదు. కొట్టంలో మిగిలిన గడ్డిని మాత్రం రెండు నెలలు ఎవరికీ ఇవ్వలేదు.

మొన్న వానల్లో ఫోన్ చేశాడు. పత్తి మోకాలెత్తు దాటిందట, సాళ్ల మధ్యకి ట్రాక్టర్ పోదు, గుంటుక తోలడానికి ఎడ్లు కావాలి. కిరాయికి దొరకవా అని అడిగాను.

"ఊర్లె రెండే జతలున్నయి బిడ్డా. మన వంతు ఆదివారం."