ఎదుటివాడి నజర్‌కూ హక్కుంది

పోయిన నెల కోహీర్‌లో వలీమా దావత్ తిని, రాత్రి స్కూటర్ మీద జహీరాబాద్ వస్తున్నాం. వెనక మా బేగం. ఎదురుగా వచ్చిన కారు తెల్ల లైట్లు కళ్లలో కొట్టేసరికి రోడ్డే మాయమైంది. బండి మట్టిలోకి దిగింది. అల్లా దయవల్ల పడలేదు. ఇంటికొచ్చి చూస్తే మా భాంజా బైక్‌కూ కొత్తగా అవే ఎల్‌ఈడీలు! "మామూ, రోష్నీ జ్యాదా ఉంటే సేఫ్టీ కదా" అన్నాడు. సేఫ్టీ ఎవరికి బేటా?

హెడ్‌లైట్ ఒక్కడి మర్జీ కాదని దునియా ఎప్పుడో ఒప్పుకుంది. ఫ్రాన్స్‌వాళ్ల సిట్రోయెన్ డీఎస్ కారునే చూడండి. 1967లో దానికి అద్దం వెనక, స్టీరింగ్‌తో పాటు తిరిగే లైట్లు పెట్టారు. అమెరికాలో అప్పట్లో సీల్డ్ బీమ్ దీపాలే ఉండాలని కాయిదా ఉండేది. 1968 నుంచి వాటిమీద అద్దం కప్పడం కూడా మనా. దాంతో అక్కడికి పోయిన డీఎస్‌కు అద్దం పోయింది, లైట్లు తిరగడం ఆగింది. ఫ్రాన్స్‌లో మాత్రం 1993 దాకా హెడ్‌లైట్లు పసుపు రంగులోనే వెలిగాయి. ఇక రోడ్డుకు కుడివైపు నడిచే ముల్కుల కారును ఎడమవైపు నడిచే మనలాంటి చోటికి తెస్తే లైట్లు మార్చాల్సిందే. లేకుంటే డిప్ కొట్టినా వెలుగు ఎదుటివాడి కళ్లలోకే ఎక్కుతుంది.

ఈ కాయిదాలన్నీ గొప్పవని అనను. కానీ కంపెనీ ఎంత బడాదైనా, రోడ్డు మీద ఇతరులు కూడా ఉన్నారన్న మాటకు తలవంచింది.

మన కానూన్ తక్కువేం కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్ ప్రకారం దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉన్న కన్ను చెదరకుండా వెలుగు కిందికి వంగాలి. ఆ ఎత్తున ఉండే కన్ను ఎవరిది? దాదాపు స్కూటర్ మీద పోయే మనదే! మా బచ్‌పన్‌లో అంబాసిడర్లకూ లారీలకూ హెడ్‌లైట్ మీద నల్లచుక్క పెట్టేది అందుకే.

మామూలు బల్బు కోసం చేసిన డూమ్‌లో ఎల్‌ఈడీ ఇరికిస్తే వెలుగు దారి మీద కాకుండా నలుదిక్కులా చిమ్ముతుంది. రోష్నీ పెరిగినట్టుంటుంది, చూపు పెరగదు.

భాంజా బైక్‌కు పాత బల్బు పెట్టించాను. అలిగాడు, అలగనీ. పెద్దలు ఎదురైతే నజర్ దించాలని పిల్లలకు నేర్పే ఘరానాలు మనవి. ఎదురుగా బండొస్తే డిప్ కొట్టడం కూడా అదబే అని తాళంచెవి చేతికిచ్చే ముందే చెబుదాం.