పుట్టీ కింద పాత పేపరు

వానాకాలం వచ్చిందంటే మా నాన్న కారెక్కేటప్పుడు ఒళ్లో తువ్వాలు వేసుకుంటారు. బండి వంద గజాలు పోయేసరికి ముందద్దం కుడి మూల నుంచి ఓ నీటిచుక్క డాష్‌బోర్డు మీదికి జారుతుంది. అక్కణ్నుంచి సరిగ్గా ఆయన మోకాలి మీద పడుతుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. ఏమన్నా అంటే, ‘‘బయట కురిసినంత లోపల కురవట్లేదు కదమ్మా’’ అంటారు.

కారు ప్రీమియర్ పద్మిని, 1974 మోడల్. మా వీధిలో మాత్రం అందరికీ అది ‘మాస్టారి ఫియట్టే’. 1991లో నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నేను ఎక్కాలు వల్లించిందీ, అక్క పెళ్లయ్యాక అత్తారింటికి వెళ్లిందీ అందులోనే. పోయిన జూన్‌లో చుక్క కాస్తా ధార అయింది. కింద పరిచిన కార్పెట్ నాని, ఇంట్లో అప్పడాల పిండి పులిసినట్టు వాసన. ‘‘అమ్మేస్తారా, బాగు చేయిస్తారా?’’ అని అమ్మ తేల్చేసింది. అలా నాన్నా నేనూ విజయవాడ ఆటోనగర్‌లో తేలాం.

లారీల సుత్తిదెబ్బల మధ్య ఓ పాత టింకరింగ్ షెడ్డు. మేస్త్రిగారికి అరవై పైనే ఉంటాయి. అద్దం వంక చూడను కూడా లేదు. రబ్బరు బీడింగ్ కింద పెయింట్ కాస్త ఉబ్బినచోట బొటనవేలితో నొక్కారు. అప్పడంలా కరకరమంది. స్క్రూడ్రైవర్ మొన పెడితే సగం లోపలికి దిగిపోయింది. నాన్న మొహం చూడాలి... తన పంటిలో పెట్టినట్టే!

‘‘మాస్టారూ, పైకి రూపాయి బిళ్లంత కనిపిస్తే లోపల పళ్లెమంత ఉంటుంది’’ అన్నారు మేస్త్రిగారు.

ఎందుకలా? ఇప్పటి కార్లకు ముందద్దాన్ని జిగురుతో బాడీకి అంటిస్తారు. పాత ఫియట్, అంబాసిడర్లకు అలా కాదు. రేకు అంచుకీ అద్దానికీ మధ్య లావుపాటి రబ్బరు ఉంటుంది. దానికి రెండు గాళ్లు. ఒకదాంట్లో అద్దం, రెండోదాంట్లో రేకు అంచు. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఆ సందులోంచి దిగిన నీరు కింది మూలల్లో చేరుతుంది. పైనుంచి రబ్బరు కప్పేసి ఉంటుంది కాబట్టి త్వరగా ఆరదు. ఇనుముకి నీరూ గాలీ రెండూ అందితే తుప్పుకి ఇంకేం కావాలి? పైగా తుప్పు, తాను తినేసిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింట్ కిందనుంచి పొక్కులా లేస్తుంది. అంటే మన కంటికి పొక్కు కనిపించేసరికి లోపల కథ చాలా దూరం వెళ్లిందన్నమాట. సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండ్లకి ఈ బాధ మరీ ఎక్కువ. ఉప్పు తుప్పుకి తోబుట్టువు.

మర్నాడు అద్దం తీశారు. రబ్బరు ఎలాగూ పనికిరాదని బ్లేడుతో కోసేసి, ఇద్దరు కుర్రాళ్లు లోపలినుంచి అరచేతులతో మెల్లగా నెట్టారు. పాత అద్దాన్ని స్క్రూడ్రైవర్‌తో కెలికితే అంచు దగ్గర చిన్న దెబ్బకే మొత్తం పోతుందట. దాన్ని గోనెసంచుల మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టారు.

అసలు రంగు అప్పుడు బయటపడింది. అక్క పెళ్లికని 2009లో నాన్న బండికి రంగు వేయించారు. ఎవరు వేశారో ఇప్పుడెందుకులెండి. మూలన జానెడు మేర పుట్టీ, అంగుళం మందం. దాన్ని ఉలితో లేపితే కింద పెద్ద బొక్క. ఆ బొక్కలో ఉండచుట్టి కుక్కిన తెలుగు దినపత్రిక! తుప్పునీటికి టీ డికాక్షన్ రంగుకొచ్చింది. మా పేపరో పోటీ పేపరో తెలుసుకుందామని విప్పబోతే చేతిలోనే పొడైపోయింది. నీళ్లు పీల్చుకుని వదలకుండా పట్టుకోవడంలో మన పత్రికారంగం పాత్ర అంతటిదని ఆవేళే తెలిసింది.

పుట్టీ పెట్టడం తప్పు కాదు. సొట్ట మీద పల్చగా పూసి నున్నగా చేయడానికే అది. బొక్క పూడ్చడానికి పెడితేనే చేటు. పైగా రబ్బరు గాడి రేకు మందానికి సరిపడా చేసింది. అంచున పుట్టీ పేరిస్తే రబ్బరు సరిగ్గా కూర్చోదు. నీటికి కొత్త దారి మనమే ఇచ్చినట్టు.

‘‘పాడైన రేకు కోసి కొత్తది వేయాలి’’ అన్నారు మేస్త్రిగారు.

నాన్న ససేమిరా అన్నారు. ఆయన బాధ వేరు. యాభై ఏళ్లు దాటిన బండ్లని వింటేజ్‌గా నమోదు చేసుకునే వీలు 2021లో కేంద్రం కల్పించింది. వాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నది షరతు. రేకు కోస్తే ఆ యోగ్యత పోతుందేమోనని ఆయన బెంగ. ‘‘అప్పటి రేకు, మళ్లీ వస్తుందా?’’ అని అంచు నిమురుతూ నిలబడ్డారు.

‘‘రేకెక్కడుంది మాస్టారూ... ఇది తుప్పు. నేను ఆకారం మార్చను. ఉన్నదాన్ని ఉన్నట్టే చేస్తాను.’’

నేనూ ఆ నిబంధనలు చదివి వినిపించాను. వింటేజ్ బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ మరమ్మతుకీ తప్ప రోజూ తిప్పకూడదని వాటిలోనే ఉంది. నాన్న ఉలిక్కిపడ్డారు. ‘‘అయితే రైతుబజారుకి దేంట్లో వెళ్లాలి?’’ ఆ క్షణంలో వింటేజ్ మోజు వదిలింది. ఎప్పట్లాగే ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటే చాలన్నారు. కోతకి ఒప్పుకున్నారు.

పని మొత్తం ఆరు రోజులు. బ్యాటరీ తీగ విప్పి, డాష్‌బోర్డు వైర్లు పక్కకి లాగారు. తళతళలాడే రేకు కనిపించేదాకా కోశారు. అంతకన్నా ముందు ఆపితే మిగిలిన తుప్పు మళ్లీ పాకుతుందట. కొత్త రేకుని చేత్తోనే మడిచి, సుత్తితో వంపు తెచ్చారు. వెల్డింగ్ ఒక్క గీతలా లాగలేదు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యలో తడిగుడ్డ. పల్చటి రేకు వేడెక్కితే మెలికపడుతుంది మరి. ప్రతి నాలుగు చుక్కలకీ అద్దం తెచ్చి ఆనించి చూశారు. ఫ్రేము కాస్త వంకరపోయినా అద్దం మీద ఒత్తిడి పడి, ఏ గతుకులోనో చిట్లుతుందట. అద్దమే ఆయనకి కొలబద్ద!

వెల్డింగ్ వేడికి రేకు వెనకవైపు రంగు కూడా మాడిపోతుంది. చాలామంది పైకి కనిపించే వైపే రంగేసి పంపేస్తారు, కొన్నాళ్లకి లోపలినుంచి మళ్లీ తుప్పు మొదలవుతుంది. మేస్త్రిగారు వెనకవైపూ ప్రైమర్ కొట్టించి, స్తంభం లోపల ఖాళీలోకి మైనం లాంటి మందు గొట్టంతో ఎక్కించారు. ‘‘పూర్వం మేం కాలిన ఇంజినాయిలే పోసేవాళ్లం’’ అన్నారు నవ్వుతూ. కలిపిన కీలు మీద సీలెంటు, ఆపైన రంగు. నాలుగైదు నెలలకోసారి అద్దం కింది మూలల్లో చేరిన ఆకులూ దుమ్మూ తీసేయమని మరీ మరీ చెప్పారు. మా ఇంటి ముందు కానుగ చెట్టుంది లెండి.

అన్నిటికన్నా నాకు నచ్చింది అద్దం బిగించడం. కొత్త రబ్బరుని ముందు అద్దానికి తొడిగారు. రేకు ఇరుక్కోవాల్సిన గాడిలో చుట్టూ నైలాన్ తాడు పెట్టి, రెండు కొసలూ కారు లోపలికి వేలాడేశారు. సబ్బునీళ్లు రాసి, ఒకతను బయటనుంచి అరచేత్తో అదుముతుంటే, లోపల కూర్చున్న మేస్త్రిగారు తాడు లాగుతూ వచ్చారు. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి ‘టప్ టప్’ అంటూ రేకు మీదికి ఎక్కి కూర్చుంది. పావుగంటలో అయిపోయింది. నాన్న చప్పట్లు కొట్టబోయి ఆగారు.

బిల్లు పదకొండు వేలు దాటింది. 2009లో పెళ్లిరంగు వేసినాయన తీసుకున్న దానికి రెట్టింపు పైనే.

చివర్లో పరీక్ష. నాన్న లోపల కూర్చుని డాష్‌బోర్డు మీద ఆనాటి పేపరు పరిచారు. బయటనుంచి పైపుతో నీళ్లు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. పేపరు పొడిగానే ఉంది. ఇక దిగుదామని తలుపు తీయబోతూ ఆయన ఆగిపోయారు. మోకాలి వంక చూసుకున్నారు.

మేస్త్రిగారు టార్చి వేసి కిందికి దూరారు. అద్దం దగ్గర కాదట. వైపర్ కుదురు దగ్గరి వాషరు అరిగిపోయింది. ముప్ఫై రూపాయలు.