తడి చేయి పెట్టకమ్మాయీ!

పోయిన వేసవి సెలవులకు మా మనవడు హైదరాబాదునుంచి కాకినాడ వచ్చాడు. వచ్చిన మూడోనాడే బీరువా అడుగు అర సోదా చేసి, 2008లో మేము కొన్న డిజిటల్ కెమేరాను బయటికి లాగాడు. చేతిలో సెల్‌ఫోను వుండగా వాడికి ఆ పాత డబ్బా ఎందుకని అడక్కండి. ఇప్పటి కుర్రకారుకు పాత కెమేరాలంటేనే మోజుట!

బాటరీ తీసి చూస్తే పొట్ట వుబ్బి వున్నది. అలా వుబ్బినదాన్ని మళ్ళీ చార్జి చేసినా, గుచ్చినా, చెత్తబుట్టలో పారేసినా నిప్పు అంటుకునే ప్రమాదం వుంది. పాత బాటరీలు తీసుకునేచోట దాన్ని అప్పగించి కొత్తది తెచ్చుకున్నాము. అది పెట్టి మీట నొక్కగానే కెమేరా కళ్ళు తెరిచింది. తెరిచి, కార్డు చదవడం తనవల్ల కాదనీ, ఫార్మాట్ చేయమంటారా అనీ అడిగింది.

"చేసెయ్యనా, అమ్మమ్మా?" అన్నాడు వాడు, మీటమీద వేలు పెట్టి.

నా గుండె జారిపోయింది. ఫార్మాట్ చేయడమంటే పలక తుడిచేయడమేగా! ఆ కార్డులో మా అత్తగారున్నారు. 2009 వేసవిలో ఆవిడ ఆవకాయ కలుపుతూంటే మావారు సరదాకి తీసిన వీడియో, ఆవిడ మాటలతో సహా వున్నది. మరుసటి సంవత్సరం ఆవిడ పోయారు. గోడమీద పటం వుంది గాని, పటం మాట్లాడదు కదా! రేపు కంప్యూటరులోకి ఎక్కిద్దాం, ఎల్లుండి ఎక్కిద్దాం అంటూ ఇన్నేళ్ళూ గడిపేశాము.

"వేలు తియ్యరా!" అని నేను అరిచిన అరుపుకు మావారు వీధి అరుగుమీదనుంచి పరుగెత్తుకు వచ్చారు.

మీకూ ఇలాంటి అవస్థ వస్తే కంగారుపడకండి. ముందు కెమేరా ఆపి కార్డు బయటికి తీయండి. దాని వెనకవైపు బంగారు రంగు రేకులు వరుసగా వుంటాయి. వాటిమీద చెమ్మ, మురికి పేరుకుంటే కెమేరాకు కార్డు అందదు. ఎలక్ట్రానిక్ సామాను అమ్మేచోట దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు మెత్తటి గుడ్డకు ఒక్క చుక్క అద్ది ఆ రేకులను తుడిచి, బాగా ఆరనిచ్చి మళ్ళీ పెట్టండి. ఒకవేళ ఫార్మాట్ మీట పొరపాటున నొక్కినా, ఆ కార్డుతో మరొక్క బొమ్మయినా తీయకుండా తెలిసినవాళ్ళకు చూపిస్తే, చాలాసార్లు పోయినవాటిని తిరిగి రాబట్టగలరు.

మా కార్డు తుడిస్తే దారికి వచ్చింది. బొమ్మలన్నిటినీ ఆ క్షణమే కంప్యూటరులోకి ఒకసారి, విడిగా వేరేచోటికి మరోసారి ఎక్కించేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

తరువాత కెమేరాతో కొత్త బొమ్మ తీస్తే, అందరం పొగమంచులో నిలబడ్డట్టు వచ్చాము. లెన్సులోకి టార్చి వేసి చూస్తే సాలెగూడులాంటి పోగులు కనిపించాయి. బూజు! సముద్రపు గాలి తగిలే వూళ్ళో, తేమ పీల్చే తోలు సంచీలో పెట్టి, చీకటి బీరువాలో మూశాము. పట్టక ఏం చేస్తుంది?

మావారు ఒకప్పుడు రేడియోలు విప్పిన మనిషి. చిన్న స్క్రూడ్రైవర్లు తెచ్చి కూర్చున్నారు. "ఫ్లాష్ వుందండోయ్, దాని కండెన్సరు మాటేమిటి?" అన్నాను. బాటరీ తీసేసినా అందులో సుమారు 300 వోల్టుల విద్యుత్తు నిలవ వుండవచ్చునని ఆయన ఎప్పుడో చెప్పిందే. ఆయన నవ్వి, స్క్రూడ్రైవరు కింద పెట్టారు. లెన్సు పైన పడిన దుమ్ము మన పని. లోపలి బూజు మెకానిక్కు పని. అతను శుభ్రం చేశాడు గాని, అద్దంమీది పూతను బూజు కొంత తినేసిందనీ, ఆ మచ్చ ఇక పోదనీ చెప్పాడు.

గాలిలో తేమ నూటికి 60 పాళ్ళు మించి చాలాకాలం వుంటే బూజుకు పండగే. అందుకని కెమేరాను బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో వుంచండి. పొట్లాలు తేమ పీల్చి పీల్చి నీరసిస్తాయి, అప్పుడప్పుడు మార్చాలి. ఎక్కువకాలం వాడకపోతే బాటరీని సగం చార్జితో విడిగా దాచండి. నెలకొకసారైనా కెమేరాను వెలుతురులోకి తీసి వాడండి. లెన్సుమీది దుమ్మును ముందు రబ్బరు బుడ్డితో వూది, తరువాతే మెత్తటి గుడ్డతో తుడవాలి. లేకపోతే ఇసుక రేణువు అద్దాన్ని గీకేస్తుంది. చల్లని ఏ.సి. గదిలోంచి వుక్కలోకి తెచ్చేటప్పుడు ప్లాస్టిక్ సంచీలో మూసి తెచ్చి, వేడి సర్దుకున్నాక బయటికి తీస్తే లోపల చెమ్మ పట్టదు. నీళ్ళలో పడితే బియ్యంలో పాతిపెట్టకండి, పిండి దుమ్ము లోపలికి పోతుంది. మీట నొక్కకుండా బాటరీ, కార్డు తీసి గాలికి ఆరనిచ్చి, మెకానిక్కుకు చూపించండి.

ఆ సాయంత్రం అందరం కూర్చుని ఆ వీడియో చూశాము. ఎర్రటి బేసిను ముందు మా అత్తగారు. పక్కన ముక్కలు అందిస్తూ నేను. ఆవిడ కెమేరాకేసి చూడనైనా చూడలేదు, నాకేసి చూసి, "ముందు ఆ చేయి తుడుచుకో. తడి చేయి పెట్టకమ్మాయీ, జాడీ అంతా బూజు పడుతుంది!" అన్నారు.

మావారు ఆ ముక్క మళ్ళీ వెయ్యమన్నారు. మూడుసార్లు వేయించుకున్నారు.

ఇప్పుడు మా కెమేరా మూత డబ్బాలో, ఆవకాయ జాడీకి పై అరలో వుంటోంది. దాన్ని తీసేముందు మా మనవడు చెప్పకుండానే చేయి తుడుచుకుంటున్నాడు. మీ బీరువా అడుగున ఎవరున్నారో ఒక్కసారి చూసుకోండి. రేపు కాదు, ఇవ్వాళే!